క్రూజ్ మేస్త్రులు, తాళం వేసిన ఇళ్ళు

ఫ్రాన్సు పల్లెటూళ్ళో ఓ పాత రాతి ఇల్లు కొనుక్కుని, దాన్ని మెల్లగా బాగుచేసుకుంటూ, పెరట్లో నాలుగు కూరగాయలు పండించుకుంటూ బతికేయాలనే కల ఒకటుంది. ముందు ఇది ఇంగ్లీషువాళ్ళకి పట్టిన పిచ్చి. యూరప్‌లో నాలుగైదేళ్ళు పనిచేసిన మన సాఫ్ట్‌వేరు జనాలకి కూడా అప్పుడప్పుడూ అంటుకుంటుంది. శుక్రవారం సాయంత్రం రిలీజు తన్నేసినప్పుడు మరీనూ. ఒక ట్యాబులో లాగులు, ఇంకో ట్యాబులో ఇళ్ళ ప్రకటనలు!

ఆ ప్రకటనలు చూస్తే ఎవరికైనా మతిపోతుంది. గచ్చిబౌలిలో రెండు పడగ్గదుల ఫ్లాటుకి పెట్టే డబ్బుతో, ఫ్రాన్సు నడిబొడ్డున క్రూజ్ అనే జిల్లాలో గ్రానైటు గోడల ఇల్లు, పక్కన పశువుల కొట్టం, వెనక తోట, అన్నీ వచ్చేస్తాయి. ఇంకా చిల్లర మిగులుతుంది కూడా. ఫ్రాన్సు మొత్తమ్మీద ఇళ్ళు బాగా చవకగా దొరికే జిల్లాల్లో అదొకటి.

ఇలాంటి ఇళ్ళు కొని బాగుచేసుకునేవాళ్ళ మీద బ్రిటిష్ టీవీలో బోలెడు కార్యక్రమాలొచ్చాయి. కప్పు ఎలా వేశారు, వంటగది ఎంతయింది, చివర్లో వైను గ్లాసులు. ఒక్క ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. అంత మంచి ఇల్లు అసలు ఖాళీగా ఎందుకుంది? కట్టుకున్నవాళ్ళు ఏమైపోయారు?

జవాబు వెతుకుతూ పోతే రెండొందల ఏళ్ళు వెనక్కెళ్ళాలి. పైగా ఆ కథలో మనవాళ్ళే కనిపిస్తారు, అంటే ఊరొదిలి పనికోసం వెళ్ళేవాళ్ళు.

క్రూజ్ నేల రాతినేల. పంట అంతంతమాత్రం. అందుకని అక్కడి మగవాళ్ళు తాపీపని నేర్చుకుని పట్నాలకి పోయేవాళ్ళు. మార్చి నెల రాగానే ఊరూరి నుంచీ గుంపులుగా బయల్దేరి పారిస్‌కో, లియోన్‌కో వెళ్ళి, గోడలు కట్టి, చలికాలానికి ఇంటికి చేరేవాళ్ళు. ఏటా వేలాదిమంది. పొలం, గొడ్లు, పిల్లలు, ముసలాళ్ళు, అన్నీ ఆడవాళ్ళ నెత్తిమీదే. మన పాలమూరు వలసలు తెలిసినవాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

వీళ్ళలో ఒకాయన తన కథ రాసిపెట్టాడు కాబట్టి ఈ వివరాలు మనదాకా వచ్చాయి. పేరు మార్టిన్ నాదో. 1815లో క్రూజ్‌లో పుట్టాడు. 1830లో, పద్నాలుగేళ్ళ వయసులో, తండ్రి వెంట పారిస్ బయల్దేరాడు. ఓర్లియాన్ దాకా కాలినడక, అక్కణ్ణుంచి గుర్రబ్బండి. పారిస్‌లో ఇరుకు గదులు, మంచానికి ఇద్దరు. అమీర్‌పేట హాస్టళ్ళు గుర్తొచ్చాయా? ఇంటి అప్పులు తీర్చడానికే ఆయనకి ఏళ్ళు పట్టింది. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి 1849లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. 1851 డిసెంబరులో లూయీ నెపోలియన్ తిరుగుబాటు చేసి అధికారం లాక్కున్నాక దేశం వదలాల్సొచ్చింది. ఇంగ్లండుకి పోయి మళ్ళీ తాపీ పట్టాడు, ఆ తర్వాత బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుని బతికాడు. 1870లో వెనక్కి వచ్చి మళ్ళీ పార్లమెంటు సభ్యుడయ్యాడు. జ్ఞాపకాలు 1895లో అచ్చయ్యాయి. చూశారా, ఫ్రాన్సు పల్లెలకి ఇంగ్లీషువాళ్ళు రావడానికి వందేళ్ళ ముందే, ఒక ఫ్రెంచి పల్లెటూరి మేస్త్రి ఇంగ్లండులో పరదేశిగా బతికాడన్నమాట.

సరే, అసలు విషయానికొద్దాం. 1853 నుంచి 1870 దాకా హౌస్‌మన్ పారిస్‌ని కూలగొట్టి మళ్ళీ కట్టించాడు. ఇవాళ మనం ఫోటోలు దిగే ఆ వెడల్పు వీధులు, ఒకేలా ఉండే ఆరంతస్తుల భవనాలు, అప్పటివే. అంత పని ఉన్నప్పుడు చేతులు కావాలి కదా. రైలు కూడా వచ్చింది. మామూలుగా అయితే రైలొచ్చింది కాబట్టి ఊరికి ఎక్కువసార్లు పోయిరావచ్చు అనుకుంటాం. జరిగింది వేరు. పని ఏడాది పొడుగునా ఉంది, భార్యాపిల్లల్ని తెచ్చుకోవడం తేలికైంది, దాంతో సీజను వలస కాస్తా శాశ్వత వలసైపోయింది. 1851లో క్రూజ్ జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. ఇప్పుడు సుమారు లక్షా 15 వేలు. పారిస్‌ని కట్టినవాళ్ళ ఊళ్ళు అలా ఖాళీ అయ్యాయి.

మిగిలిన పని మొదటి ప్రపంచ యుద్ధం చేసింది. 1914-18 మధ్య ఫ్రాన్సు పోగొట్టుకున్న సైనికులు 13 లక్షల పైచిలుకు. అందులో పల్లెటూరి రైతుబిడ్డల వాటా చాలా పెద్దది. ఫ్రాన్సులో ఏ చిన్న ఊరికి పోయినా నడిమధ్యలో ఒక రాతి స్తంభం, దానిమీద పేర్ల వరస ఉంటుంది. ఇంటిపేరొకటే, కింద ఇద్దరు ముగ్గురి పేర్లు, అంటే అన్నదమ్ములో దాయాదులో. క్రూజ్‌లోనే జాంత్యూ అనే ఊళ్ళో 1922 నాటి స్మారకం ఉంది. దానిమీద జెండాలూ వీరుడూ ఉండరు. టోపీ చేత్తో పట్టుకుని, పిడికిలి బిగించిన ఒక అనాథ బడిపిల్లవాడు ఉంటాడు. యుద్ధానికి శాపం పెడుతూ ఒక చిన్న మాట చెక్కి ఉంటుంది. ఆ పేర్లలో ప్రతి ఒక్కటీ కొన్నాళ్ళకి ఒక ఖాళీ ఇల్లు.

ఒక్కో ప్రాంతానిది ఒక్కో కారణం లెండి. దక్షిణాన లోట్ నది పక్క ఊళ్ళలో ద్రాక్షతోటలే బతుకు. 1860ల్లో అమెరికా ద్రాక్షమొక్కలతోపాటు ఫిలాక్సెరా అనే చిన్న పురుగు దిగి, తీగల వేళ్ళని తినేసి, కొన్ని దశాబ్దాల్లో ఫ్రాన్సు తోటల్ని నాశనం చేసింది. చివరికి అమెరికా మొక్కల వేళ్ళకే ఫ్రెంచి తీగల్ని అంటుకట్టి బయటపడ్డారు. ఈలోపు ఊరొదిలిపోయినవాళ్ళు మాత్రం చాలావరకు తిరిగి రాలేదు.

రెండో యుద్ధం తర్వాత ట్రాక్టరు వచ్చింది. ఫూరాస్తియే అనే ఆర్థికవేత్త 1979లో ఒక పుస్తకం రాశాడు. మొదట్లో రెండు ఊళ్ళని పోల్చి చూపిస్తాడు. ఒకటి వెనకబడ్డ ఊరు, పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది రైతులే. రెండోది బాగా ముందుకెళ్ళిన ఊరు, రైతులు ఏ నాలుగోవంతో. చదివేవాళ్ళు ఇవి రెండు వేరువేరు దేశాలేమో అనుకుంటుండగా అసలు సంగతి బయటపెడతాడు. రెండూ ఒకటే ఊరు, లోట్ నది ఒడ్డునున్న దువెల్. మొదటిది 1946 నాటి దువెల్, రెండోది 1975 నాటిది. ముప్ఫై ఏళ్ళలో అంత మార్పు. జీతాలు పెరిగాయి, బాత్రూములొచ్చాయి, కార్లొచ్చాయి. పాత రాతి ఇల్లు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఊరి చివర కొత్తగా సిమెంటు ఇల్లు కట్టుకోవడమే గొప్ప. అది కూడా మనకి కొత్త కాదు.

ఇక్కడ మీరు అడగొచ్చు: అక్కర్లేకపోతే అమ్మేసుకోవచ్చుగా? అమ్ముడుపోకుండా కప్పు కూలేదాకా ఎందుకు ఉంచారు? దీనికి చాలాసార్లు జవాబు 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్‌లో ఉంటుంది.

ఆ చట్టం ప్రకారం పిల్లలందరికీ సమాన వాటా. తల్లిదండ్రులు వీలునామా రాసినా ఆస్తి మొత్తం తమకిష్టమైనవాళ్ళకి ఇవ్వలేరు. ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండొంతులు, ముగ్గురూ అంతకంటే ఎక్కువుంటే ముప్పాతిక, పిల్లలకి తప్పకుండా చెందాలి. పెద్దకొడుక్కి మొత్తం కట్టబెట్టే పాత పద్ధతుల కంటే ఇది చాలా న్యాయం. కానీ ఇల్లనేది పొలంలా గట్టు వేసి పంచుకునేది కాదు. పంపకం తేలేదాకా అందరూ ఉమ్మడి యజమానులే. వాళ్ళలో ఒకరు పోతే ఆ వాటా వాళ్ళ పిల్లలకి చీలుతుంది. రెండు తరాల తర్వాత లెక్కేస్తే ఒక్క ఇంటికి డజనుమంది సొంతదార్లు, ఒకరు పారిస్‌లో, ఒకరు కెనడాలో, ఒకరు ఎక్కడున్నారో తెలీదు. ఉమ్మడిలో ఉండమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని చట్టం మొదట్నించీ చెబుతూనే ఉంది, కానీ కోర్టుకెళ్ళే ఓపిక ఎవరికి? మామూలు నిర్వహణ పనులకి మూడింట రెండొంతుల మెజారిటీ చాలని 2006లో చట్టం మార్చారు, అది 2007 నుంచి అమల్లోకొచ్చింది. అమ్మాలంటే మాత్రం అందరూ సంతకం పెట్టాలి, లేదా మూడింట రెండొంతుల వాటాదార్లు కోర్టు ద్వారా పోవాలి. కమిట్ చెయ్యడానికి పన్నెండుమంది అప్రూవల్ కావాల్సిన రిపాజిటరీ ఊహించుకోండి. అందులో నలుగురు కంపెనీ వదిలి వెళ్ళిపోయారు!

అలా ఖాళీ అయిన ఇళ్ళని ముందు ఫ్రెంచివాళ్ళే సెలవుల ఇళ్ళుగా మార్చుకున్నారు. పారిస్‌లో ఉద్యోగం, ఆగస్టులో తాతగారి ఊరు. ఇప్పటికీ ఫ్రాన్సులో మొత్తం నివాసాల్లో దాదాపు పదో వంతు ఇలాంటి రెండో ఇళ్ళే. 1960ల నుంచి దోర్దోన్ వైపు బ్రిటిష్‌వాళ్ళు రావడం మొదలైంది. 1989లో పీటర్ మేల్ ప్రోవాన్స్‌లోని మెనెర్బ్ ఊళ్ళో తన ఇంటి మరమ్మతు కథ పుస్తకంగా రాశాడు, అది లక్షల్లో అమ్ముడుపోయింది. 1994లో ఇంగ్లిష్ ఛానల్ కింద సొరంగం తెరిచారు. 1998లో ర్యానెయిర్ లండన్ నుంచి కార్కసోన్‌కి చవక విమానం వేసింది, తర్వాతి కొన్నేళ్ళలో లిమోజ్, బెర్జెరాక్ లాంటి చిన్న ఊళ్ళక్కూడా అలాంటి విమానాలు వచ్చాయి. లండన్‌లో ఫ్లాటు అమ్మితే ఇక్కడ ఇల్లూ, దాని మరమ్మతూ, పదేళ్ళ ఖర్చూ వెళ్ళిపోయేది. నెదర్లాండ్స్‌వాళ్ళు, బెల్జియంవాళ్ళు కూడా వచ్చారు.

వచ్చాక తెలిసేది అసలు సంగతి. పాత ఇల్లు బాగుచెయ్యడమంటే డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడ్ మీద పనిచెయ్యడమే. ప్రతి గోడా ఏదో కారణంతోనే అలా ఉంటుంది. ఉదాహరణకి, కిటికీలు చిన్నవిగా, తక్కువగా ఎందుకున్నాయి? చలి ఒక కారణం. 1798 నుంచి 1926 దాకా ఫ్రాన్సులో తలుపులు, కిటికీల లెక్కన పన్ను వేసేవాళ్ళు, అదింకో కారణం. కొందరు పన్నుకి భయపడి ఉన్న కిటికీలు కూడా మూసేశారు.

ఇక తేమ సంగతి. ఆ గోడలు అరమీటరు పైచిలుకు మందం. రాయికీ రాయికీ మధ్య మట్టి, లేదా సున్నం. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు వచ్చాక, గట్టిగా ఉంటుంది కదా అని వాటిమీద సిమెంటు పూత పూశారు. చెమ్మకి దారి మూసుకుపోయింది. అది గోడలోపలే పైకెక్కి, దూలాల కొసలు కుళ్ళబెట్టి, మెత్తటి సున్నపురాయి ఉన్నచోట రాతి ముఖమే పెళ్ళలుగా ఊడిపోయేలా చేసింది. అందుకే ఇవాళ కొన్నవాళ్ళు మొదట చేసే పని సిమెంటు చెక్కేసి మళ్ళీ సున్నం పెట్టడం. మన గానుగ సున్నం గోడలు తెలిసిన ముసలి మేస్త్రులెవరైనా ఉంటే ఇది ఒక్క ముక్కలో చెప్పేస్తారు.

కాగితాల పని దీనికి తీసిపోదు. ఇల్లు కొనడం నోటరీ ముందే. ఈయన మన స్టాంపు వేసే నోటరీ కాదు, ప్రభుత్వం నియమించిన పెద్ద న్యాయాధికారి. ఆయన ఫీజు, పన్నులు కలిపి పాత ఇంటి ధరమీద సుమారు 7-8 శాతం. ఒప్పందం అయ్యాక మనసు మార్చుకోవడానికి కొనేవాడికి 10 రోజుల గడువు. సీసం, ఆస్బెస్టాస్, చెదలు లాంటి పరీక్షల రిపోర్టులు అమ్మేవాడివ్వాలి. సెప్టిక్ ట్యాంకు నిబంధనల ప్రకారం లేకపోతే కొన్నవాడు ఏడాదిలో సరిచెయ్యాలి. దగ్గర్లో చారిత్రక కట్టడం ఉంటే, 1943 నాటి చట్టం పుణ్యమా అని, 500 మీటర్ల లోపు కిటికీ చట్రం మార్చాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్టు సరేననాలి. వినడానికి విసుగే. కానీ అదే వ్యవస్థలో, కట్టిన పని పదేళ్ళలో దెబ్బతింటే మేస్త్రిదే బాధ్యత అనే నియమం 1804 కోడ్ నుంచీ ఉంది, 1978లో దానికి బీమా కూడా తప్పనిసరి చేశారు. మన బిల్డర్లతో వేగినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చదివితే కళ్ళలో నీళ్ళు తిరగొచ్చు.

రోజువారీ బతుకు టీవీలో చూపించేంత రంగులమయం కాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలాచోట్ల అంతా మూతే. పొయ్యిలోకి కట్టెలు ఘనపు మీటర్ల లెక్కన కొని, రెండేళ్ళు ఆరబెట్టాలి. అంటే వచ్చే ఏడాది చలికి ఈ ఏడాది కొంటే ఆలస్యమైపోయినట్టే. డాక్టరు పక్క టౌనులో. బేకరీ మూతపడ్డ కొన్ని ఊళ్ళలో రొట్టెలకి ఏటీఎం లాంటి యంత్రం పెట్టారు. ఫ్రెంచి రాకపోతే ప్లంబరుతో కూడా మాట్లాడలేరు. భాష నేర్చుకోకుండా తమలో తామే తిరిగే ఇంగ్లీషువాళ్ళ గురించి ఫ్రెంచివాళ్ళు నవ్వుకుంటారు. డాలస్‌లో ఉన్న మనవాళ్ళని తల్చుకుంటే నాకు వాళ్ళని తప్పుపట్టబుద్ధి కాదు.

కానీ అందరూ అలా లేరు. ఫ్రాన్సులో సుమారు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి, సగానికి పైగా వాటిలో 500 మంది కూడా ఉండరు. అంత చిన్నచోట మేయరు, పంచాయితీ సభ్యులు అంటే ఊళ్ళో పని చేసే మనుషులు, అంతే. 2001 నుంచి యూరోపియన్ యూనియన్ పౌరులకి స్థానిక ఎన్నికల్లో ఓటు వేసే, పోటీ చేసే హక్కు వచ్చింది. బ్రిటిష్‌వాళ్ళు పోటీ చేశారు, గెలిచారు, ఊరి రోడ్లూ పండగలూ నడిపారు. 2016లో బ్రెగ్జిట్ ఓటు, 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి. ఆ మార్చిలో జరిగిన స్థానిక ఎన్నికల్లో, అప్పటిదాకా సభ్యులుగా ఉన్న 700 మందికి పైగా బ్రిటిష్‌వాళ్ళు నిలబడే హక్కు కోల్పోయారు. సెలవుల ఇల్లు ఉన్నవాళ్ళు వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండటానికి లేదు. ఇల్లు మీదే, ఉండే రోజులు మాత్రం లెక్కబెట్టుకోవాలి. హెచ్-1బీ మీద అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళకి ఈ భయం తెలుసు.

ఇప్పుడు నాకు అనిపించేది చెబుతాను. పరదేశీయులు ఫ్రాన్సు పల్లెల్ని కాపాడారా, పాడుచేశారా అని వాదించేవాళ్ళు రెండు తప్పులు చేస్తారు. మొదటివాళ్ళు కప్పుని చూసి ఊరు బతికిందనుకుంటారు. కప్పు బతికింది నిజమే, లేకపోతే చాలా ఇళ్ళు రాళ్ళకుప్పలయ్యేవి. కానీ పన్నెండు నెలల్లో పదినెలలు కిటికీలు మూసి ఉండే ఇంటినుంచి బడికి పిల్లలు రారు, బేకరీకి బేరం రాదు. రెండోవాళ్ళు డబ్బున్న పరాయివాళ్ళు ధరలు పెంచారంటారు. లూబరాన్ లాంటి చోట్ల అందులో నిజం ఉంది. క్రూజ్‌లో మాత్రం వాళ్ళు రాకముందే వందేళ్ళనుంచీ జనం వెళ్ళిపోతున్నారు. ఎవరో ఒకరు ఏడాది పొడుగునా కాపురం ఉండటం ముఖ్యం. ఇంగ్లండు నుంచి వచ్చి ఫ్రెంచి నేర్చుకుని, పిల్లల్ని ఊరిబళ్ళో వేసిన కుటుంబం, పారిస్‌లో ఉంటూ తాతగారి ఇంటి తాళంచెవి జేబులో పెట్టుకు తిరిగే మనవడికంటే ఆ ఊరికి ఎక్కువ చేసింది.

ఈ మాట చివరికి మనకే తగులుతుంది. క్రూజ్ మేస్త్రుల్లాగే మనమూ ఇంకొకళ్ళ నగరాలు కట్టడానికి పోయినవాళ్ళం, ఇటుకల బదులు కోడ్. మన ఊళ్ళలో మండువా లోగిళ్ళు ఎన్ని తాళాలు వేసి ఉన్నాయో సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తూనే ఉన్నాం. కొన్ని పాతవి కూలుతున్నాయి, కొన్ని అమెరికా డబ్బుతో కట్టిన కొత్త మేడలు, వాచ్‌మన్ తప్ప మనిషి లేనివి. ఆడపిల్లలకి సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అది రావాల్సిందే, వచ్చింది. దాంతోపాటు రావాల్సిన రెండో అలవాటు మాత్రం రాలేదు. అమ్మానాన్నలు బతికుండగానే అందరూ కూర్చుని, ఇల్లు ఎవరు ఉంచుకుంటారు, మిగతావాళ్ళకి ఏమిస్తారు అని తేల్చుకోవడం. మనకి అది అపశకునంగా అనిపిస్తుంది. పన్నెండు సంతకాల కోసం కూలిపోయిన ఫ్రాన్సు ఇళ్ళని చూస్తే, అడక్కపోవడమే అపశకునం.

ఇల్లు ఎవరూ ఉంచుకోకపోతే, ఊరి బళ్ళో టీచరుకో, ఆసుపత్రి నర్సుకో నామమాత్రపు అద్దెకిచ్చినా మేలే. వానాకాలంలో పెంకు జారితే సర్దేవాళ్ళు, సాయంత్రం లైటు వేసేవాళ్ళు ఉంటారు. వచ్చే సంక్రాంతికి ఊరెళితే అరిసెలు తిన్నాక ఓ అరగంట ఈ లెక్క తేల్చుకు రండి. అక్కాచెల్లెళ్ళని కూడా కూర్చోబెట్టుకుని.